క్షమించడానికి ఏభై సంవత్సరాలు



సినిమాల గురించి ఈ పత్రికలో మేము వ్రాయడం ఇదే మొదటిసారి. పుల్పిటు మీదినుండి సినిమాలు చూడవద్దని చెప్పిన రోజులు కూడా మాకున్నాయి. అందుచేత కొందరు పెద్దలు నొచ్చుకుంటారని తెలుసు. అయినా ఒక యుద్ధ చిత్రము మా పరిచర్యలో జరిగిన ఒక పొరపాటును మా కళ్ళముందు నిలబెట్టింది గనుక వ్రాయక తప్పడం లేదు.

ముందు ఆ పొరపాటు సంగతి చెప్పాలి. కోనరావుపేట మండలములో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు వెదికితేగాని దొరకదు. మా సంఘపు సహోదరుడొకడు అలాగే వెళ్ళాడు. కంపెనీ వీసా అని ఏజెంటు చెప్పాడు. తీరా దిగాక అది వేరే వీసా అని తేలింది. జీతము లేదు, పాస్‌పోర్టు చేతిలో లేదు. పారిపోయి ఖల్లివెల్లి పనులు చేసుకుంటూ దొరికిపోయి, పద్నాలుగు నెలలు జైలులో ఉన్నాడు. అక్కడ అతనికి జరిగినదంతా వ్రాయము. అతడు జైలులో ఉండగానే ఇక్కడ తల్లి చనిపోయింది. భార్య బీడీలు చుట్టి, నూటికి మూడు రూపాయల మిత్తి కట్టుకుంటూ వచ్చింది. ఇవన్నీ అతని అనుమతితోనే వ్రాస్తున్నాము. పేరు మాత్రం వద్దన్నాడు.

ఆ ఏజెంటు కూడా మా సంఘస్థుడే. ఇతడు తిరిగివచ్చిన సంవత్సరమే ఏజెంటు మారుమనస్సు పొందాడు. ఒక ఉపవాస కూటములో లేచి, ప్రభువు తన పాపములన్నిటినీ క్షమించాడని కన్నీళ్ళతో సాక్ష్యము చెప్పాడు. సంఘమంతా ఆమెన్ అన్నది. మేమూ అన్నాము. నాలుగో వరుసలో కూర్చున్న ఈ సహోదరుడు తల వంచుకున్నాడు. ఆ క్రిస్మసుకు ఇద్దరినీ ముందుకు పిలిచి చేతులు కలపమన్నాము. కలిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాతి ఆదివారమునుండి సహోదరుడు ఆరాధనకు రాలేదు.

మూడు వారాలు చూసి ఇంటికి వెళ్ళాము. “చేతులైతే కలిపిన అయ్యగారూ. గని ఆ రాత్రి మల్ల జైల్ల వడ్డట్టే అయింది,” అన్నాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాడని, తలుపు గొళ్ళెము పెట్టనివ్వడని భార్య చెప్పింది. ఓదార్పు వాక్యము చదివి, ప్రార్థన చేసి వచ్చేశాము. మాకు ఇంకేమీ తోచలేదు.

అటు తరువాత కొన్నాళ్ళకు, హైదరాబాదులో ఉద్యోగము చేసే మా సంఘపు యౌవనస్థుడొకడు సెలవుకు వచ్చి, పార్సనేజిలో తన కంప్యూటరులో ఒక ఇంగ్లీషు చిత్రము చూపించాడు. ఆ దొరల యాస మాకు సగమే అర్థమవుతుంది. అతడే మధ్యమధ్య ఆపి భావము చెప్పాడు. చిత్రము పేరు ‘ది రైల్వే మ్యాన్’. 2013లో వచ్చింది. దర్శకుడు జోనథన్ టెప్లిట్జ్‌కీ. ఎరిక్ లోమాక్స్ అనే వ్యక్తి తన జీవితమును గురించి 1995లో అదే పేరుతో వ్రాసిన పుస్తకము దీనికి ఆధారము. పెద్దవయసు లోమాక్స్‌గా కోలిన్ ఫర్త్, అతని భార్యగా నికోల్ కిడ్‌మన్ నటించారు.

లోమాక్స్ 1919లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. చిన్నప్పటినుండి రైలింజన్లంటే పిచ్చి. యౌవనములో అక్కడి బాప్టిస్టు సంఘములో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యపు సమాచార విభాగములో అధికారిగా సింగపూరు వచ్చాడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైనప్పుడు వేలాదిమందితోపాటు ఖైదీ అయ్యాడు. వారిని సయాము దేశమునుండి బర్మా వరకు వేస్తున్న రైలు మార్గము పనికి పంపారు. రైళ్ళను అంతగా ప్రేమించినవాడిని రైలు మార్గమే నలగగొట్టింది.

కాంచనబురి దగ్గరి శిబిరములో ఖైదీలు కొందరు రహస్యముగా ఒక చిన్న రేడియో తయారుచేసుకున్నారు. యుద్ధము ఎటు పోతున్నదో తెలుసుకోవాలని, అంతే. 1943 ఆగస్టులో అది దొరికిపోయింది. లోమాక్స్‌నూ తోటివారినీ గడ్డపార కర్రలతో కొట్టారు. ఇద్దరు అధికారులు ఆ దెబ్బలకే చనిపోయారు. లోమాక్స్ రెండు చేతులూ విరిగాయి. అతడు గీసుకున్న ఆ ప్రాంతపు పటమొకటి కూడా దొరకడంతో, గూఢచారివని జపాను సైనిక పోలీసులు రోజుల తరబడి విచారించారు. ముఖము మీద నీళ్ళు వదిలి ఊపిరాడకుండా చేశారు. ఆ తరువాత అయిదు సంవత్సరాల శిక్ష వేసి సింగపూరులోని ఔట్రమ్ రోడ్డు జైలుకు పంపారు. 1945లో యుద్ధము ముగిసి విడుదలయ్యేసరికి అతని వయసు ఇరవై ఆరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. లోమాక్స్ మనసులో మిగిలిపోయినది కొట్టినవాడి ముఖము కంటె ఎక్కువగా, విచారణలో ద్విభాషిగా కూర్చున్న ఒక యువకుని స్వరము. ప్రశ్నలు అడిగినవాడి భాష అతనికి అర్థము కాదు. బెదిరింపు అయినా, ప్రశ్న అయినా, ఆ ద్విభాషి నోటినుండే ఇంగ్లీషులో వచ్చేది. నగాసే తకాషి అన్నది ఆ యువకుని పేరు. ఆ పేరు లోమాక్స్‌కు ఎంతోకాలము తెలియనే తెలియదు. స్వరము మాత్రం ఏభై సంవత్సరాలు వెంబడించింది.

యుద్ధము తరువాతి కథ చిత్రములో కొంతే ఉన్నది. లోమాక్స్ ఆఫ్రికాలో ఉద్యోగము చేశాడు, తరువాత విశ్వవిద్యాలయములో బోధించాడు. పైకి అంతా బాగానే ఉన్నది. లోపల మాత్రం పీడకలలు, అకారణమైన కోపము, రోజుల తరబడి మౌనము. మొదటి వివాహము నిలవలేదు. 1980లో రైలు ప్రయాణములో పరిచయమైన పాటీ అనే స్త్రీని 1983లో వివాహము చేసుకున్నాడు. భర్త ఎందుకిలా అయిపోతున్నాడో ఆమె వదలకుండా వెదికింది. చివరికి లండనులో, హింసకు గురైనవారికి వైద్యము చేసే ఒక సంస్థకు అతడు వెళ్ళాడు. దానిని 1985లో స్థాపించిన హెలెన్ బాంబర్, యుద్ధము ముగిసిన వెంటనే బెల్సెన్ మృత్యుశిబిరములో బ్రతికి బయటపడినవారి మధ్య, ఇరవై ఏళ్ళ వయసులో, సేవ చేసినది. ఆమె అతనికి ఉపదేశము చెయ్యలేదు. తొందరపెట్టలేదు. వింది. నలభై సంవత్సరాలలో తన మాట వినడానికి తీరిక చేసుకున్న మొదటి మనిషిగా ఆమె లోమాక్స్‌కు కనిపించింది.

కాపరులమైన మాకు ఆ ఘట్టము గుచ్చుకున్నది. దర్శనాలకు వెళ్తాము, కుర్చీలో కూర్చోకముందే బైబిలు తెరుస్తాము. మరో రెండిళ్ళు ఉన్నాయని గడియారము చూసుకుంటాము.

చిత్రములో చూపిన దానికి, నిజముగా జరిగిన దానికి కొంత తేడా ఉన్నది. చిత్రములో లోమాక్స్ చంపాలనే ఉద్దేశముతో నగాసే ఎదుటికి వెళ్తాడు. అతని స్నేహితుడొకడు ఆత్మహత్య చేసుకోవడము కూడా కథకోసము కల్పించినదే. సినిమాకు కత్తి కావాలి, కట్టుకథ కావాలి! నిజముగా జరిగినది ఇంకా నెమ్మదిగా, ఇంకా కష్టముగా జరిగింది. మా మట్టుకు మాకు నిజమే ఎక్కువ బోధించింది.

యుద్ధము ముగియగానే నగాసే, మిత్రదేశాల సైనికుల సమాధులు వెదికే బృందానికి ద్విభాషిగా ఆ రైలు మార్గము పొడవునా తిరిగాడు. తన పక్షమువారు చేసిన పని ఏమిటో సమాధి వెంట సమాధిగా చూశాడు. ఆ తరువాత జీవితమంతా వందసార్లకు పైగా అక్కడికి వెళ్ళివచ్చాడు. క్వాయ్ నది వంతెన దగ్గర ఒక శాంతి మందిరము కట్టించాడు. అతడు బౌద్ధుడు. తనకు జరిగిన దానిని ఒక చిన్న పుస్తకముగా వ్రాశాడు. అందులో, తన ఎదుట హింసించబడిన ఒక ఖైదీని గురించి వ్రాశాడు. కాంచనబురి సమాధుల తోటలో పుష్పాలు ఉంచినప్పుడు తనకు క్షమాపణ లభించినట్టు అనిపించిందని కూడా వ్రాశాడు.

ఆ పుస్తకము లోమాక్స్ దంపతుల చేతికి వచ్చింది. ఆ ఖైదీ తానేనని లోమాక్స్ గుర్తుపట్టాడు. పాటీకి కోపము వచ్చింది. 1991లో ఆమె నగాసేకు ఉత్తరము వ్రాసింది. నీవు వ్రాసిన ఆ మనిషి బ్రతికే ఉన్నాడు, నా భర్తే. అతడు క్షమించకుండా నీకు క్షమాపణ ఎలా దొరికింది? అనేదే ఆ ఉత్తరపు సారాంశము.

ఈ మాట విన్నప్పుడు ఆ యౌవనస్థుని అక్కడే ఆపమన్నాము. మా ఉపవాస కూటము, ఆ సాక్ష్యము, మేము పలికిన ఆమెన్, నాలుగో వరుసలో వంచిన ఆ తల జ్ఞాపకమొచ్చాయి. నగాసే ఎవరి దగ్గరకూ వెళ్ళకుండా సమాధుల దగ్గర క్షమాపణ పొందాననుకున్నాడు. మా ఏజెంటు బలిపీఠము దగ్గర పొందాననుకున్నాడు. అతని కన్నీళ్ళు అబద్ధమని మేము అనడం లేదు. నగాసే దుఃఖమూ అబద్ధము కాదు. కాని అర్పణము తెచ్చినవాడు, సహోదరునికి తనమీద విరోధమున్నదని జ్ఞాపకము వస్తే, దానిని అక్కడే విడిచి ముందు అతని దగ్గరకు వెళ్ళాలని ప్రభువు కొండమీది ప్రసంగములో చెప్పాడు గదా. ఇన్ని సంవత్సరాలు ఆ భాగము మీద ప్రసంగించిన మేము అతనిని వెళ్ళమనలేదు. మైకు ఇచ్చాము.

నగాసే ఆ ఉత్తరానికి జవాబు వ్రాశాడు. సాకులు చెప్పలేదు. ఆ జవాబు చదివిన తరువాత పాటీ కోపము చల్లారింది. అయినా లోమాక్స్ వెంటనే బయలుదేరలేదు. ఉత్తరాలు నడిచాయి. 1993 మార్చిలో, ఏర్పాటు చేసుకున్న ప్రకారము, కాంచనబురిలో వంతెన దగ్గర ఇద్దరూ కలిశారు. ఇద్దరూ డెబ్బై దాటినవారు. నగాసే వంగి నమస్కరించి, వణుకుతూ, క్షమించమని అడిగాడు. అతనిని చేయిపట్టి బల్ల దగ్గరకు నడిపించి కూర్చోబెట్టినది లోమాక్సే. అప్పటికీ క్షమించానని చెప్పలేదు. కొన్ని దినాలు కలిసి తిరిగారు, జపాను వెళ్ళారు. అక్కడ ఒక గదిలో, భార్యలు కూడా లేకుండా ఇద్దరే ఉన్నప్పుడు, లోమాక్స్ తాను వ్రాసుకున్న ఉత్తరము అతనికి ఇచ్చాడు. జరిగిన దానిని మరచిపోలేననీ, నిన్ను మాత్రం పూర్తిగా క్షమిస్తున్నాననీ దాని భావము. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు. తరువాత వారిద్దరూ జీవితాంతము స్నేహితులుగా ఉన్నారు. నగాసే 2011లో, లోమాక్స్ 2012 అక్టోబరులో కన్నుమూశారు.

ఈ రైలు మార్గము మన తెలుగువారికి పరాయి కథ కాదని చాలామందికి తెలియదు. మాకూ వెదికిన తరువాతే తెలిసింది. అది 415 కిలోమీటర్ల మార్గము, దాదాపు ఒక్క సంవత్సరములో వేయించి 1943 అక్టోబరులో పూర్తిచేశారు. అరవై వేలకు పైగా యుద్ధఖైదీలు పనిచేస్తే, వారిలో పన్నెండు వేలకు పైగా చనిపోయారు. అయితే వారికంటె ఎన్నో రెట్లు ఎక్కువమంది ఆసియా కూలీలు అక్కడ పనిచేశారు. బర్మావారు, మలయావారు, జావావారు, వీరితోపాటు మలయాలోని రబ్బరు తోటల భారతీయ కూలీలు. ఆ భారతీయులలో ఎక్కువమంది తమిళులు. వారి ప్రక్కనే మన శ్రీకాకుళము, విశాఖపట్నము, గోదావరి ప్రాంతాలనుండి ఒకప్పుడు కంగాణీల మాట నమ్మి ఓడెక్కిన తెలుగువారూ ఉన్నారు. కంగాణీ అంటే మనుషులను సమకూర్చుకొని వెళ్ళే మేస్త్రి. నేటి మాటలో ఏజెంటు!

మూడు నెలల పని, రోజు కూలి, తిండి అని చెప్పి తోటలనుండి తీసుకువెళ్ళారు. వారి ప్రక్కన సైన్యపు డాక్టరు లేడు, తమ తరఫున మాటలాడే అధికారి లేడు, పేర్లు వ్రాసుకునేవాడు లేడు. వానకాలములో కలరా వచ్చినప్పుడు శిబిరాలకు శిబిరాలే ఖాళీ అయ్యాయి. చనిపోయిన కూలీలు తొంభై వేలకు తక్కువ ఉండరని చరిత్రకారుల అంచనా. కాంచనబురిలోని సైనికుల సమాధుల తోటలో దాదాపు ఏడు వేలమందికి, చక్కగా గడ్డి కత్తిరించిన నేలలో, తలా ఒక రాయి ఉన్నది. మన కూలీలకు అలాంటి రాయి లేదు. 1957లో వచ్చిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ చిత్రమును లోకమంతా చూసింది. అందులోనూ వారి కథ లేదు, ఈ చిత్రములోనూ లేదు.

లోమాక్స్‌కు ఒక నగాసే దొరికాడు. మలయా తోటలో భర్త ఎప్పటికీ తిరిగిరాని తెలుగు స్త్రీ దగ్గరకు ఎవరు వచ్చి వంగి నమస్కరించారు? ఆమె ఎవరిని క్షమించాలి? ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. క్షమించమని సుళువుగా చెప్పే ముందు ఆమెను గురించి ఆలోచిస్తున్నాము, అంతే.

మన జిల్లాలోనే ఇంకొక సంగతి ఉన్నది. నేపాల్ దేశస్థుడైన ఒక కాపలాదారుని హత్య కేసులో దుబాయి జైలులో పడిన సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురు, 18 ఏళ్ళ తరువాత ఇల్లు చేరారు. సిరిసిల్ల శాసనసభ్యులు కె. తారకరామారావు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే నేపాల్ వెళ్ళి, హతుని కుటుంబమునకు 15 లక్షల రూపాయలు అందజేశారు. అక్కడి చట్టము ప్రకారము హతుని కుటుంబము క్షమాభిక్షకు సమ్మతించాలి. ఆ కుటుంబము సమ్మతించింది. అయినా తలుపులు తెరచుకోవడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది. విమానాశ్రయములో కుటుంబాలు కౌగలించుకున్న ఫోటోలు చూసి మేమూ సంతోషించాము. నేపాల్‌లోని ఆ విధవరాలి ఫోటో ఏ ఇంటి గోడమీదా ఉండదు. ఆమె సంతకమే లేకపోతే ఈ సంతోషము లేదు.

బైబిలులో ఖైదీగా ఉండి క్షమించినవాడు యోసేపు. ఆదివారపు బడి పిల్లలకు ఆ కథను పది నిమిషాలలో చెప్పి ముగిస్తాము. ఈ చిత్రము చూసిన తరువాత ఆదికాండము 41వ అధ్యాయమునుండి 50 వరకు తిరిగి నెమ్మదిగా చదివాము. పదిహేడేళ్ళకు అమ్మబడ్డాడు. అన్నలను మళ్ళీ చూసేసరికి ఇరవై ఏళ్ళకు పైగా గడిచాయి. మొదటి కుమారునికి మనష్షే అని పేరు పెట్టాడు. బాధనూ తండ్రి ఇంటినీ దేవుడు మరపించాడని దాని భావము. నిజముగా మరచిపోయాడా? అన్నలు ఎదుట నిలబడగానే కఠినముగా మాటలాడాడు, మూడు దినాలు కావలిలో ఉంచాడు, షిమ్యోనును బంధించాడు. మరచిపోయానని బిడ్డ పేరుతో చాటుకున్నవాని లోపల ఆ గుంట అలాగే ఉన్నది.

ఇంకొక సంగతి. వారి మధ్య ఒక ద్విభాషి ఉన్నాడు! యోసేపుకు తమ భాష తెలియదనుకొని అన్నలు, ఆనాడు తమ్ముడు బ్రతిమాలుకుంటే వినలేదని తమలో తాము ఒప్పుకున్నారు. ద్విభాషి చెప్పకముందే యోసేపు విన్నాడు. ప్రక్కకు వెళ్ళి ఏడ్చాడు. ఆ ఏడుపుతో కూడా తానెవరో చెప్పలేదు. రెండవసారి వచ్చినప్పుడు గదిలోకి వెళ్ళి మళ్ళీ ఏడ్చాడు, ముఖము కడుక్కొని వచ్చాడు. ఒకప్పుడు తమ్ముని అమ్ముదామన్న యూదా ఇప్పుడు బెన్యామీనుకు బదులు తానే బానిసగా ఉంటాననేవరకు యోసేపు నోరు విప్పలేదు. దేవుని ఆత్మ గలవాడని ఫరో చేతనే అనిపించుకున్నవానికి అంత సమయము పడితే, మా సంఘపు సహోదరునికి ఒక క్రిస్మసు ఆరాధనలో అయిదు నిమిషాలు ఇచ్చాము.

అన్నలు, తండ్రి చనిపోయాక, ఇప్పుడు పగ తీర్చుకుంటాడేమోనని మళ్ళీ భయపడ్డారన్న సంగతి కూడా 50వ అధ్యాయములో ఉన్నది. క్షమించి పదిహేడేళ్ళయిన తరువాత! యోసేపు అప్పుడూ ఏడ్చాడు.

ఈ శ్రమల దినాలకు ముందు మేము ఏజెంటు ఇంటికి వెళ్ళాము. సంఘములో సాక్ష్యము చెప్పడానికి ముందు ఎవరి ఇంటికి వెళ్ళవలసినదో అడిగాము. కోపగించుకున్నాడు. ప్రభువు క్షమించిన దానిని మనుషులు తవ్వడమేమిటని అన్నాడు. మాకూ మాట పెగలలేదు. ఆ ఆమెన్ చెప్పినది మేమే గదా! ఆ తప్పు మాదేనని ఒప్పుకొని వచ్చేశాము. సహోదరుని దగ్గరకు వెళ్ళి కూడా అదే చెప్పాము. అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత జైలు సంగతులు కొన్ని, మొదటిసారి, చెప్పాడు. చీకటిపడి చాలాసేపయింది. ఆ రోజు మేము బైబిలు తెరవలేదు.

మట్టల ఆదివారము దాటిన మంగళవారము సాయంత్రము ఏజెంటు తనంతట తాను సహోదరుని ఇంటికి వచ్చాడు. మేము లేము. తరువాత సహోదరుని భార్య చెప్పింది. గేటు దగ్గరే నిలబడ్డాడట. ఈయన చాలాసేపు చూసి, “కూసో,” అన్నాడట. వీసా పైసలు ఎంత, మిత్తి ఎంత కట్టారు అని ఏజెంటు అడిగాడట. ఆమె బీడీల పద్దు వ్రాసుకున్న నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టింది. అమ్మ చావుకు రాలేకపోయిన లెక్క దేనిలో వ్రాయాలె అని ఈయన అడిగితే, ఏజెంటు ఏమీ చెప్పలేక ఏడ్చాడట.

నెలకు అయిదు వేల చొప్పున ఇస్తున్నాడు. మూడు నెలలు ఇచ్చాడు. సహోదరుడు ఆరాధనకు వస్తున్నాడు, తలుపు దగ్గర చివరి వరుసలో కూర్చుంటున్నాడు. తలుపు తెరిచే ఉంచమని సంఘపు పెద్దలకు చెప్పాము. మొన్న ఒకనాడు, “టైం గావాలె అయ్యగారూ,” అన్నాడు. సరేనన్నాము. చేతులు కలపమని మళ్ళీ అడగలేదు.